స్టార్టప్ ఇంగ్లీష్ – 3వ పాఠం: పెట్టుబడి మాటలు

పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసం ముందు సరిచూసుకుందాం. "మేం మొదట గేమ్ తయారుచేశాం, అది నడవలేదు, దాంతో చాట్ టూల్ వైపు మళ్ళాం" అన్న వాక్యాన్ని పివట్ అనే క్రియతో చెప్పమన్నాను. జవాబు ఇలా ఉండాలి: "వి స్టార్టెడ్ విత్ ఎ గేమ్, బట్ ఇట్ డిడ్‌న్ట్ వర్క్, సో వి పివటెడ్ టు ఎ చాట్ టూల్." మళ్ళిన వైపుకు టు, వదిలేసినదానికి ఫ్రమ్. ఇది నేను అల్లిన ఉదాహరణ కాదు, స్లాక్ కథే. గ్లిచ్ అనే ఆన్‌లైన్ గేమ్ 2012లో మూతపడింది. దాన్ని తయారుచేసిన టీమ్ తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న టూల్ మరుసటి ఏడాది స్లాక్ పేరుతో బయటికొచ్చింది. "వి చేంజ్డ్ అవర్ బిజినెస్" అని రాసినా గ్రామర్ తప్పేమీ లేదు. కాకపోతే ఆ వాక్యం వింటే పాతదంతా పారేసి కొత్తగా మొదలుపెట్టినట్టు ఉంటుంది. పివట్ అంటే పాతదాంట్లో పనికొచ్చేది చేతిలో ఉంచుకునే పక్కకు తిరిగారని వినేవాళ్ళకు తెలుస్తుంది.

ఇక ఈ పాఠం డబ్బు గురించి.

ఫండింగ్, వాల్యుయేషన్, ఈక్విటీ, ఇన్వెస్టర్ అనే మాటలు మీకు ఇప్పటికే తెలుసు. పేపర్లో రోజూ కనిపించేవే. ఇబ్బంది ఎక్కడంటే, వాటిని వాక్యంలో పెట్టేటప్పుడు. నామవాచకం నోటికి వస్తుంది, దాని పక్కన రావాల్సిన క్రియ రాదు. అప్పుడు తెలుగులో ఉన్న "తీసుకున్నాం", "వచ్చింది", "పెట్టారు" అనే క్రియల్ని టుక్, కేమ్, పుట్ అని మార్చేసి గట్టెక్కుతాం. అందుకే ఈ పాఠానికి ఒక్కటే నియమం: నోట్‌బుక్‌లో ఏ మాటనూ ఒంటరిగా రాసుకోవద్దు. ముందు క్రియ, తర్వాత ప్రిపొజిషన్, రెండూ కలిపి రాసుకోండి.

రెయిజ్

డబ్బు సమకూర్చుకోవడానికి వాడాల్సిన క్రియ రెయిజ్. "వి రెయిజ్డ్ మనీ ఫ్రమ్ త్రీ ఇన్వెస్టర్స్." అంటే ముగ్గురు ఇన్వెస్టర్ల దగ్గర పెట్టుబడి తెచ్చుకున్నాం. కలెక్ట్ అనకండి, అది చందాలు వసూలు చేసినట్టు ఉంటుంది. ఉచ్చారణలో కూడా కొంచెం జాగ్రత్త కావాలి. రెయిజ్ వేరు, రైజ్ వేరు. రెయిజ్ చేసేవాళ్ళు ఉండాలి, రైజ్ దానంతట అది జరుగుతుంది. "సేల్స్ రోజ్" సరైనది, "వి రోజ్ మనీ" తప్పు.

ఫండ్, ఫండింగ్ మధ్య తేడా ఇంకా ముఖ్యం. "వి గాట్ ఎ ఫండ్" అంటే ఇన్వెస్టర్ తికమక పడతాడు. ఎందుకంటే ఈ లోకంలో ఫండ్ అంటే ఇన్వెస్టర్లు పదిమంది దగ్గర పోగుచేసి, చాలా కంపెనీల్లో పెట్టడానికి పక్కన పెట్టుకున్న పెద్ద మొత్తం. మీకు వచ్చింది దాంట్లోంచి ఒక ముక్క. దాన్ని ఫండింగ్ అనాలి. "వి గాట్ ఫండింగ్" లేదా "వి రెయిజ్డ్ ఫండింగ్." ఇక్కడ ఫండింగ్ ముందు ఎ పెట్టకూడదు, చివర ఎస్ కూడా చేర్చకూడదు.

రెయిజ్ చుట్టూ కాలాలు కూడా నేర్చుకోవాలి. మామూలు ఇంగ్లీష్‌లో కాలం తప్పితే నవ్వి ఊరుకుంటారు, ఇక్కడ తప్పితే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. "వి ఆర్ రెయిజింగ్" అంటే ప్రయత్నంలో ఉన్నాం, ఇంకా ఎవరూ ఇవ్వలేదు. "వి హ్యావ్ రెయిజ్డ్" అంటే డబ్బు ఖాతాలో పడింది. ఈ రెండింటి మధ్య చాలా దూరం ఉంది. ఎవరో "చూద్దాం, పెడతాలే" అని నోటిమాటగా అంటే అది సాఫ్ట్ కమిట్‌మెంట్. కాగితం మీద షరతులు రాసి పంపితే టర్మ్ షీట్. టర్మ్ షీట్ వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు, అందులో చాలా భాగానికి చట్టపరమైన కట్టుబాటు ఉండదు. సంతకాలు పూర్తయి డబ్బు చేరాకే "వి క్లోజ్డ్ ద రౌండ్" అనాలి. రౌండ్ అంటే ఒక విడతగా పెట్టుబడి తెచ్చుకోవడం. టర్మ్ షీట్ చేతిలో పెట్టుకుని "రెయిజ్డ్" అనేవాళ్ళు చాలామందే ఉంటారు. మీరు అనకండి. అవతలివాడు ఒక్క ఫోన్ చేసి కనుక్కోగలడు.

అసలు బయటి డబ్బే తీసుకోకుండా, సొంత డబ్బుతో, అమ్మకాల మీద వచ్చినదాంతో నడిపితే దాన్ని బూట్‌స్ట్రాప్ చేయడం అంటారు. "వి బూట్‌స్ట్రాప్డ్ ద కంపెనీ." లేదా "వి ఆర్ బూట్‌స్ట్రాప్డ్." చాలామంది దీన్ని తలదించుకుని చెబుతారు, ఎందుకో నాకు అర్థం కాదు. ఈమెయిల్ మార్కెటింగ్ టూల్ మెయిల్‌చింప్ 2001లో మొదలై, బయటి ఇన్వెస్టర్ల పెట్టుబడి లేకుండానే ఎదిగింది. 2021లో ఇన్‌ట్యూట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని దాదాపు 1,200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. కొనడానికి ఇక్కడ బై కన్నా అక్వైర్ ఎక్కువగా వినిపిస్తుంది: "మెయిల్‌చింప్ వాజ్ అక్వైర్డ్ బై ఇన్‌ట్యూట్."

బర్న్, రన్‌వే

ఈ రెండూ కలిపి నేర్చుకోవాలి, ఒకటి తెలిస్తేనే రెండోది అర్థమవుతుంది. స్టార్టప్ నెలనెలా ఖర్చుపెట్టేసే డబ్బు బర్న్. ఉన్న డబ్బు ఇంకెన్ని నెలలు వస్తుందన్నది రన్‌వే.

లెక్క ఇలా వేస్తారు. నెలకు మొత్తం ఖర్చు 8 లక్షలు అనుకోండి, అది గ్రాస్ బర్న్. కస్టమర్ల నుంచి నెలకు 3 లక్షలు వస్తోంది. తీసేస్తే 5 లక్షలు, అది నెట్ బర్న్. ఖాతాలో 60 లక్షలు ఉంటే రన్‌వే 12 నెలలు. "అవర్ నెట్ బర్న్ ఈజ్ ఫైవ్ హండ్రెడ్ థౌజండ్ ఎ మంత్, సో వి హ్యావ్ ట్వెల్వ్ మంత్స్ ఆఫ్ రన్‌వే." ఉత్త బర్న్ అని చెబితే ఏ బర్న్ అని వెంటనే అడుగుతారు. ముందే నెట్ అనో గ్రాస్ అనో చెప్పడం మంచిది. రన్‌వేని ఎప్పుడూ నెలల్లో చెప్పండి. "వి హ్యావ్ సిక్స్టీ ల్యాక్స్ రన్‌వే" అంటే అర్థమే లేదు.

ఐదు లక్షల్ని ఫైవ్ హండ్రెడ్ థౌజండ్ అన్నాను, చూశారా. లక్ష, కోటి అనే మాటలు బయటి దేశాల ఇన్వెస్టర్లకు చెవికెక్కవు. పది లక్షలు వన్ మిలియన్, కోటి టెన్ మిలియన్, వంద కోట్లు వన్ బిలియన్. మీటింగ్ మధ్యలో మనసులో సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే అనవసరమైన టెన్షన్. మీ కంపెనీకి సంబంధించిన అంకెలు అరడజనుకు మించవు కదా, వాటిని ముందే మిలియన్లలోకి మార్చి పైకి చదివి పెట్టుకోండి.

డబ్బు అయిపోవడానికి "వి ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ క్యాష్" అంటారు. ఇక్కడ రన్నింగ్ అంటే ఇంకా అయిపోలేదు, అయిపోతోంది. "వి రాన్ అవుట్ ఆఫ్ క్యాష్" అంటే అయిపోయింది, కథ ముగిసింది. ఇంటికి సరుకులు చేరవేసే వెబ్‌వాన్ 1999లో షేర్ మార్కెట్‌కు వెళ్ళి, 2001కల్లా దివాలా తీసింది. గోదాముల మీద విపరీతంగా ఖర్చుపెట్టింది, ఆర్డర్లు మాత్రం ఆ స్థాయిలో రాలేదు. దాని గురించి "ఇట్ బర్న్డ్ త్రూ ఇట్స్ క్యాష్ టూ ఫాస్ట్" అంటారు. డబ్బు మొత్తం ఊడ్చిపెట్టుకుపోయిందన్న భావం ఆ త్రూ లోనే ఉంది, దాన్ని వదలొద్దు.

బర్న్ లెక్కలో కస్టమర్ల నుంచి వచ్చిన 3 లక్షలు రెవెన్యూ. ప్రాఫిట్ కాదు. దీన్ని టర్నోవర్ అనే అలవాటు మనకు ఉంది, బ్రిటిష్ ఇంగ్లీష్‌లో అది చెల్లుతుంది కూడా. కానీ అమెరికన్‌తో "అవర్ టర్నోవర్ ఈజ్ వెరీ హై" అంటే మీ దగ్గర ఉద్యోగులు నిలవడం లేదని అనుకునే ప్రమాదం ఉంది. రెవెన్యూ అంటే ఎక్కడా గొడవ లేదు.

వాటా, విలువ

ఈ భాగానికి ఒకే వాక్యం బట్టీ పట్టండి చాలు. 2004లో ఫేస్‌బుక్‌కు మొదటి బయటి పెట్టుబడి వచ్చిన సందర్భం అది: "పీటర్ థీల్ ఇన్వెస్టెడ్ ఫైవ్ హండ్రెడ్ థౌజండ్ డాలర్స్ ఇన్ ఫేస్‌బుక్ ఫర్ ఎ టెన్ పాయింట్ టూ పర్సెంట్ స్టేక్."

ఇందులో ప్రిపొజిషన్లు రెండు చూడండి. ఇన్వెస్టెడ్ తర్వాత ఇన్. "కంపెనీ మీద పెట్టుబడి పెట్టాడు" అనే అలవాటుతో ఇన్వెస్టెడ్ ఆన్ అనేస్తుంటాం. "కంపెనీలో పెట్టాడు" అని గుర్తుపెట్టుకుంటే ఇన్ దానంతట అదే వస్తుంది. బదులుగా ఏం దక్కిందో చెప్పేది ఫర్. ఇదే సంగతి థీల్ వైపు నుంచి చెప్పాలంటే "హి టుక్ ఎ స్టేక్ ఇన్ ఫేస్‌బుక్." ఫౌండర్ల వైపు నుంచి చెప్పాలంటే "దే గేవ్ అప్ టెన్ పర్సెంట్ ఈక్విటీ." అన్నట్టు మనం ఈక్విటీ అని రాస్తాం కానీ పలికేటప్పుడు ఎక్విటీ అనాలి. అప్పు అనే అర్థం వచ్చే డెట్‌లో స్పెల్లింగ్‌లో ఉన్న బి పలకదు.

10.2 శాతానికి 5 లక్షల డాలర్లయితే మొత్తం కంపెనీ విలువ దాదాపు 49 లక్షల డాలర్లు అవుతుంది. అదే వాల్యుయేషన్. దానికి ముందు ఎట్ వస్తుంది: "వి రెయిజ్డ్ ఎట్ ఎ వాల్యుయేషన్ ఆఫ్ ఫిఫ్టీ మిలియన్."

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ కంపెనీ విలువ 4 కోట్లని ఇద్దరూ ఒప్పుకున్నారు, ఇన్వెస్టర్ కోటి పెట్టాడు. డబ్బు రాకముందు విలువ 4 కోట్లు, అది ప్రీ-మనీ. వచ్చాక 5 కోట్లు, అది పోస్ట్-మనీ. ఇన్వెస్టర్ వాటా ఐదింట్లో ఒకటి, అంటే 20 శాతం. అదే 4 కోట్లను పోస్ట్-మనీ అని అతను అనుకుని ఉంటే నాలుగింట్లో ఒకటి, 25 శాతం! ఒక్క మాట వదిలేస్తే 5 శాతం తేడా. కాబట్టి అంకె పక్కన ప్రీ అనో పోస్ట్ అనో అనకుండా వాక్యం పూర్తిచేయకండి.

చెరి సగం ఉన్న ఇద్దరు ఫౌండర్లకు ఈ 20 శాతం పోయాక చెరి 40 మిగులుతుంది. దీన్ని డైల్యూషన్ అంటారు. "వి గాట్ డైల్యూటెడ్ బై ట్వెంటీ పర్సెంట్." యాభైలో పది తగ్గింది, అంటే ఐదోవంతు, అందుకే ట్వెంటీ.

విలువ పెరిగితే అప్ రౌండ్, తగ్గితే డౌన్ రౌండ్. ముందు కొని తర్వాత డబ్బు కట్టే సదుపాయం ఇచ్చే క్లార్నా అనే కంపెనీ 2021లో 4,560 కోట్ల డాలర్ల వాల్యుయేషన్‌తో డబ్బు తెచ్చింది, 2022లో 670 కోట్ల డాలర్ల దగ్గర తెచ్చుకోవాల్సి వచ్చింది. "క్లార్నా రెయిజ్డ్ ఎ డౌన్ రౌండ్ ఇన్ ట్వెంటీ ట్వెంటీ-టూ." వంద కోట్ల డాలర్లు దాటిన ప్రైవేటు స్టార్టప్‌ను యూనికార్న్ అనడం 2013లో ఐలీన్ లీ అనే ఇన్వెస్టర్ రాసిన వ్యాసంతో మొదలైంది. ఆ మాట తెలిసుంటే చాలు. "వి విల్ బి ఎ యూనికార్న్" అని మీ గురించి మీరే చెప్పుకోవడం మాత్రం బాగోదు.

ఒక సంభాషణ

పైకి చదవండి. తర్వాత ఇన్వెస్టర్ మాటలు మాత్రం చూసుకుంటూ, జవాబులు చూడకుండా చెప్పండి.

"ఆర్ యు రెయిజింగ్ రైట్ నౌ?"
"యెస్, వి ఆర్ రెయిజింగ్ ఎ సీడ్ రౌండ్ ఆఫ్ టెన్ మిలియన్."
"ఎట్ వాట్ వాల్యుయేషన్?"
"ఫార్టీ మిలియన్, ప్రీ-మనీ."
"డు యు హ్యావ్ ఎ లీడ్?"
"నాట్ యెట్. వి హ్యావ్ టూ సాఫ్ట్ కమిట్‌మెంట్స్."
"హౌ లాంగ్ విల్ ద మనీ లాస్ట్?"
"ఎయిటీన్ మంత్స్, ఆఫ్టర్ ద న్యూ హైర్స్."

సీడ్ రౌండ్ అంటే కంపెనీ తొలిదశలో తెచ్చుకునే పెట్టుబడి. లీడ్ అంటే రౌండ్‌లో ముందు నిలబడి షరతులు ఖరారు చేసే ఇన్వెస్టర్. మిగతావాళ్ళు ఆ షరతుల మీదే చేరతారు. "నో" బదులు "నాట్ యెట్" అనడం గమనించండి. లేనిది ఉందని చెప్పలేదు, అలాగని తలుపూ మూసేయలేదు. చివరి జవాబులో "ఆఫ్టర్ ద న్యూ హైర్స్" కూడా అవసరమే. కొత్తవాళ్ళను తీసుకున్నాక ఖర్చు పెరుగుతుందని ఫౌండర్‌కు తెలుసు అని ఆ నాలుగు మాటలు చెబుతున్నాయి. జవాబులన్నీ ఎంత పొట్టిగా ఉన్నాయో కూడా చూడండి. డబ్బు ప్రశ్నకు ముందు అంకె చెప్పాలి, వివరణ అడిగితే ఇవ్వాలి.

అభ్యాసం

ఇవి ఇంగ్లీష్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, రాయడం తర్వాత.

1. మాకు ఇంకా తొమ్మిది నెలల రన్‌వే ఉంది.
2. ఆమె మా కంపెనీలో పెట్టుబడి పెట్టి 15 శాతం వాటా తీసుకుంది.
3. టర్మ్ షీట్ వచ్చింది కానీ రౌండ్ ఇంకా క్లోజ్ కాలేదు.
4. మా నెట్ బర్న్ నెలకు 7 లక్షలు. (ల్యాక్ అనకుండా చెప్పాలి)
5. రెండేళ్ళు సొంత డబ్బుతో నడిపాక, పోయిన నెల సీడ్ రౌండ్ రెయిజ్ చేశాం.

ఐదో దాంట్లో కాలం జాగ్రత్త. జవాబులు 4వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠం మనుషుల గురించి: హైర్, ఫైర్, లే ఆఫ్, వెస్టింగ్, క్లిఫ్. ఫైర్ చేయడానికీ లే ఆఫ్ చేయడానికీ తేడా ఏమిటో ఈలోపు ఆలోచించి పెట్టుకోండి.