కష్టంలో ఉన్న ఇంటికి వెళ్ళేముందు

మా చర్చి స్త్రీల సమాజంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు, "ఆంటీ, కష్టంలో ఉన్నవాళ్ళింటికి వెళ్తే ఏం మాట్లాడాలో తెలియట్లేదు" అని. తెలియకపోతేనే మంచిదమ్మా అంటాను. అన్నీ తెలిసినవాళ్ళ వల్లే నేను ఎక్కువ బాధపడ్డాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె. అంగన్‌వాడీలో పనిచేశాను. మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడై మూడేళ్ళు డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ మూడేళ్ళలో మా ఇంటికి వచ్చినవాళ్ళలో ఎవరు నన్ను నిలబెట్టారో, ఎవరు వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చానో ఇప్పటికీ గుర్తే.

ముందు ఒక మాట సంగతి తేల్చుకుందాం. మన బైబిల్లో బర్నబా అంటే 'హెచ్చరిక పుత్రుడు' అని ఉంటుంది, అపొస్తలుల కార్యములు 4:36లో. ఇప్పుడు హెచ్చరిక అంటే మనకు గుర్తొచ్చేది ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మ. అక్కడ మాత్రం ధైర్యం చెప్పడం, ఆదరించడం అని అర్థం. గ్రీకులో ఆ మాటకు మూలం 'పక్కకు పిలవడం' అని పాస్టరు గారు ఒకసారి చెప్పారు. మనలో చాలామంది ఆ పుర్రె బొమ్మ హెచ్చరికే పట్టుకుని రోగి ఇంటికి వస్తారు. బర్నబా ఏం చేశాడో చూడండి. పొలం అమ్మి డబ్బు తెచ్చిపెట్టాడు. విశ్వాసుల్ని హింసించిన సౌలును (తర్వాత పౌలు అయింది ఇతనే) చూసి అందరూ భయపడుతుంటే దగ్గరుండి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్ళాడు. పని మధ్యలో వదిలేసి వెళ్ళిన మార్కును, పౌలు వద్దన్నా, మళ్ళీ వెంటబెట్టుకున్నాడు. చేసినవన్నీ కాళ్ళూ చేతులతో చేసే పనులే.

వెళ్ళేముందు ఫోన్ చేయండి. "రావచ్చా" అని కాకుండా "ఏ పూట వస్తే మీకు వీలు" అని అడగండి. డయాలసిస్ అయి వచ్చిన సాయంత్రం మనిషి పిండేసిన బట్టలా ఉంటాడు, ఆ పూట వెళ్ళకూడదు. పదిమంది జట్టుగా వెళ్ళొద్దు, ఇద్దరు చాలు. పదిమంది వస్తే ఆ ఇల్లాలు టీ పెట్టడంతోనే సరిపోతుంది. నేను ఎన్ని టీలు పెట్టానో ఆ దేవుడికే తెలుసు.

ఉత్త చేతులతో ఎలా వెళ్తామని కొబ్బరి బోండాలు, అరటిపండ్లు, బత్తాయిలు తెస్తారు. డయాలసిస్ వాళ్ళకి అవి మంచివి కావు, వాటిలో పొటాషియం ఎక్కువ. నీళ్ళు కూడా కొలతే. మా ఆయన ఆ బోండాల వంక చిన్నపిల్లాడిలా చూసేవారు, నేను విలన్‌లా వాటిని తీసుకెళ్ళి పక్కింట్లో ఇచ్చేదాన్ని. అందుకని రోగి ఏం తినొచ్చో ముందే కనుక్కోండి. అది కష్టమనిపిస్తే రోగిని వదిలేసి మిగతావాళ్ళ సంగతి చూడండి. మా ఎదురింటి వదినగారు రెండేళ్ళపాటు, డయాలసిస్ రోజు తెల్లారి మా పిల్లల టిఫిన్ బాక్సులు కట్టి పంపింది. ఒక్క బైబిల్ వాక్యం చెప్పలేదు. ఆమె పంపిన పప్పుచారు రుచి నాకు సగం కీర్తనలకంటే బాగా గుర్తు.

ఇంట్లోకి వెళ్ళాక కూర్చోండి. బైబిల్లో ఆస్తీ పిల్లలూ ఆరోగ్యం అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే చెడగొట్టారు. రోగి మాట్లాడితే వినండి. దేవుడి మీద కోపంగా మాట్లాడితే అదీ వినండి, దేవుడి తరఫున వాదించే వకీలు అవసరం అక్కడ లేదు.

కొన్ని మాటలు మాత్రం నోటిదాకా వచ్చినా మింగేయండి. "ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపం ఉండుంటుంది." "ఫలానావాళ్ళకి ఒక్క ప్రార్థనతో తగ్గిపోయింది, మీకు విశ్వాసం చాలట్లేదేమో." ఒకాయన వచ్చి "విశ్వాసం ఉన్నవాడికి డయాలసిస్ మిషనెందుకు" అన్నాడు. మా ఆయన ఆ మాట పట్టుకుని ఒక విడత మానేశారు. రాత్రికి ఊపిరాడక ఆయాసం. ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళిన ఆ రాత్రి గురించి ఇంకేమీ రాయను. మందు మానమని చెప్పే అధికారం ఎవరికీ లేదు, ప్రార్థనకీ మందుకీ గొడవ లేదు.

వాక్యం చదవాలనుకుంటే అడిగి చదవండి. అందరూ 23వ కీర్తనే చదువుతారు, మంచిదే. నన్ను నిలబెట్టింది మాత్రం 88వ కీర్తన. అందులో ఓదార్పు మాట ఒక్కటీ రాదు, చివరికి చీకటితోనే అయిపోతుంది. అయినా దాన్ని బైబిల్లో ఉంచారంటే, నా ఏడుపు కూడా ప్రార్థనేనని అప్పుడు అర్థమైంది. ప్రార్థన రెండు నిమిషాలు చాలు. లోకంలోని రోగులందర్నీ చుట్టి రావద్దు. రోగి పేరు చెప్పి, వాళ్ళకు కావలసిందే అడగండి. ఈ రాత్రి నిద్ర పట్టాలి, రేపు సూది సరిగ్గా దిగాలి, అలా.

అక్కడ విన్నది అక్కడే వదిలేయండి. "ప్రార్థన అంశం" అని అప్పుల సంగతి వాట్సాప్ గ్రూపులో పెడితే అది చాడీయే. డబ్బిస్తే కవర్లో పెట్టి, దిండు కింద. చర్చిలో ప్రకటించొద్దు.

సాయానికి షరతు కూడా పెట్టకూడదు. మా జిల్లాలో ఇదేం కొత్త సంగతి కాదు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించారు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మేమంతా గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన నెలల తరబడి కాదన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ కాదనడమే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇక మీ సంగతి. నాలుగిళ్ళు తిరిగేసరికి మీకే ప్రార్థన రాదు. అదేం భ్రష్టత్వం కాదు. ఏలీయా ప్రవక్త అలసిపోయి బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతే బాగుండుననుకుంటే దేవదూత మందలించలేదు, లేపి అప్పం, నీళ్ళు పెట్టాడు. ఆయన తిని పడుకుంటే రెండోసారి లేపి మళ్ళీ పెట్టాడు. కాబట్టి తిని నిద్రపోండి. నాకు ప్రార్థన రాని రోజుల్లో పొద్దున ఒక కీర్తన పైకి చదివేదాన్ని, అర్థమైనా కాకున్నా. ఆదివారం చర్చిలో చివరి బెంచీలో కూర్చుని, పాట రాకపోతే పక్కవాళ్ళు పాడుతుంటే వినేదాన్ని. ఇద్దరి పాటలో ఒకరిది ఆగినా పాట ఆగదు కదా.

మనిషి పోయాక ఆ ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక అయిపోయాక జనం పలచబడతారు. అప్పుడే అసలు కష్టం మొదలవుతుంది. ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. పోయినవారి తేదీ, మూడో నెల, వాళ్ళ పెళ్ళిరోజు, మొదటి క్రిస్మస్ రాసుకోండి. మా ఆయన పోయిన ఏడాది డిసెంబరులో మా ఇంటికి స్టార్ కట్టలేదు. కట్టే మనిషి లేడు, కట్టాలన్న మనసూ లేదు. ఒక సాయంత్రం వదినగారి అబ్బాయి నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. "అత్తా, హోల్డర్ ఎక్కడుంది" అన్నాడంతే. దాన్ని వెతకడానికి ఆయన పెట్టె ఆ రోజే మొదటిసారి తెరిచాను.

ఈ ఏడాది నా నోటుబుక్‌లో అలాంటి ఇళ్ళు రెండున్నాయి. నిచ్చెన మాదే, స్టార్లు డిసెంబరు మొదటివారంలోనే కొనాలి, తర్వాత రేట్లు పెంచేస్తారు. ఎవరైనా సాయం వస్తారా?