బాకీ కాగితాలు చదవడం నేర్చుకుందాం - 4వ పాఠం: నోటు వెనక చెల్లు

పోయిన పాఠంలో ప్రోనోటు ముందు వైపు చదివాం. అసలు ఎంత, వడ్డీ ఎంత, రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఎవరిది, సాక్షులెవరు అన్నవి చూశాం. ఈసారి కాగితం తిప్పి చెల్లు చూద్దాం, అంటే బాకీలో కొంత కట్టినట్టు నోటు వెనక రాసే రాత. ముందు వైపు సంతకం పెట్టేటప్పుడు ఎవరైనా ఒకటికి రెండుసార్లు చూస్తారు. వెనక వైపు సంతకం మాత్రం చాలామంది గడప దగ్గర నిలబడే పెట్టేస్తారు. దావా నిలుస్తుందా పోతుందా అన్నది చాలాసార్లు తేలేది అక్కడే.

ముందుగా కాలపరిమితి. అప్పు రాబట్టుకోవడానికి కోర్టుకు వెళ్లాలంటే దానికి గడువు ఉంటుంది. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం మామూలు ప్రోనోటుకు ఆ గడువు మూడేళ్లు. "మీరు కోరినప్పుడు చెల్లించగలను" అని రాసే నోటుకు మూడేళ్లూ నోటు రాసిన తేదీ నుంచే మొదలవుతాయి. షావుకారు వచ్చి అడిగిన రోజు నుంచి కాదు. ఈ ఒక్క ముక్క దగ్గరే ఎక్కువ మంది పొరబడతారు.

ఒక లెక్క చూద్దాం. కళ్యాణదుర్గం వైపు ఒక రైతు శనక్కాయ విత్తనాలకని 10-6-2022న లక్ష రూపాయలు తీసుకుని, నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసిచ్చాడనుకోండి. వడ్డీ నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు. దావా వేయడానికి ఆఖరి రోజు 10-6-2025. ఆ రోజు కోర్టుకు సెలవైతే కోర్టు తెరిచిన రోజు వేయవచ్చు. మన సివిల్ కోర్టులకు మే నెలలో వేసవి సెలవులు కాబట్టి ఇది గుర్తుంచుకోదగ్గ మాటే. ఇంకా పాత నోట్లు చేతిలో ఉన్నవాళ్లు కోవిడ్ సంగతి మరిచిపోకూడదు. 15-3-2020 నుంచి 28-2-2022 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు చెప్పింది.

గడువు దాటిన నోటుకు కాలదోషం పట్టిందంటారు. అలాగని బాకీ తీరిపోయినట్టు కాదు. కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి మూసుకుపోతుంది, అంతే. గడువు దాటాక మనసొప్పక తనంతట తాను డబ్బు కట్టేసిన మనిషి, తర్వాత అది వెనక్కి ఇమ్మంటే కుదరదు.

ఇక చెల్లు. మూడేళ్లు నిండబోతున్నాయనగా అప్పిచ్చినాయన ఇంటికొస్తాడు. "ఏం లేదన్నా, నోటు కాలం అయిపోతాంది. ఒక ఐదు వేలియ్యి, ఎనకాల సంతకం పెట్టు" అంటాడు. నోటు వెనక ఇలా రాస్తారు:

"తేది 2-5-2025. ఈ నోటు బాకీ కింద రూ. 5,000/- (అక్షరాలా ఐదు వేల రూపాయలు) చెల్లు."

కింద రైతు సంతకం. ఈ రెండు ముక్కలతో మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. 10-6-2025న ముగియాల్సిన గడువు 2-5-2028 దాకా పోతుంది. డబ్బు ఐదు వేలా ఐదు వందలా అన్నదానితో పని లేదు.

అయితే చెల్లు చెల్లాలంటే రెండు షరతులున్నాయి. డబ్బు కట్టడం పాత గడువు లోపలే జరగాలి. ఆ రాత కట్టినవాడి చేతిరాతలోనైనా ఉండాలి, కింద అతని సంతకమైనా ఉండాలి. సంతకం రానివాళ్లకు వేలిముద్ర. అప్పిచ్చినవాడు తన డైరీలో తానే రాసుకున్న జమ గడువును పెంచదు. ఇద్దరు కలిసి నోటు రాసిచ్చి ఒక్కరే చెల్లు వేస్తే, ఆ ఒక్క కారణంగా రెండో మనిషి మీద గడువు పెరగదు.

మన రైతు చెల్లు వేసింది 2-5-2025న కాక 20-7-2025న అనుకోండి. అప్పటికే గడువు దాటింది కాబట్టి ఉత్త చెల్లు ఆ నోటుకు ప్రాణం పోయదు. కానీ ఇక్కడే జాగ్రత్త. చెల్లుతో పాటు "మిగిలిన బాకీ వడ్డీతో సహా చెల్లించగలను" అని ఒక వాక్యం ఉండి, కింద సంతకం ఉంటే కథ మారిపోతుంది. కాలదోషం పట్టిన బాకీనైనా తీరుస్తానని రాసి సంతకం చేస్తే 1872 కాంట్రాక్టు చట్టం దాన్ని కొత్త ఒప్పందంగా చూస్తుంది. అందుకే గడువు దాటిన నోటు మీద ఏ రాత కిందైనా సంతకం పెట్టే ముందు చదివించుకోండి.

డబ్బు కట్టకపోయినా గడువు పెరిగే దారి ఇంకొకటుంది. బాకీ ఉందని గడువు లోపల రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే చాలు. లాయరు నోటీసుకు జవాబుగా "బాకీ ఉంది, కానీ ఇవ్వను" అని రాసినా అది ఒప్పుకోలే. ఆ ఉత్తరం అప్పిచ్చినవాడికి కాక ఊరి పెద్దమనిషికి రాసినా ఒప్పుకోలే. బ్యాంకులో పంట రుణం రెన్యువల్ అప్పుడు పెట్టించుకునే సంతకాల్లో కూడా ఇంత బాకీ ఉందని ఒప్పుకునే కాగితం ఉండొచ్చు. అడిగి చూడండి, చూపించమనే హక్కు మీకుంది.

చెల్లు వేయడం తప్పని నేననడం లేదు. తీసుకున్న మాట నిజమై, పంట చేతికొచ్చేదాకా టైం కావాలంటే చెల్లు ఇద్దరికీ మేలే. అవతలివాడు కోర్టుకెక్కకుండా ఆగుతాడు. కాకపోతే తెలిసి వేయాలి. తేదీ మీ చేత్తో మీరే రాయండి, డబ్బు అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండేలా చూడండి, నోటు రెండు వైపులా ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఖాళీ కాగితం వెనక సంతకం మాత్రం ఎంత దగ్గరివాళ్లు అడిగినా వద్దు. ఆ పైన ఏ తేదీ వచ్చి కూర్చుంటుందో చెప్పలేం.

అప్పిచ్చినవాళ్లకూ ఈ పాఠం అంతే ముఖ్యం. రిటైరయ్యాక వచ్చిన డబ్బు తెలిసినవాళ్లకిచ్చి, నోటు బీరువాలో ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. అవతలివాళ్లు కాలదోషం మాట ఎత్తకపోయినా, గడువు దాటిన దావాను కోర్టు తనంతట తానే కొట్టేయాలి. తారీఖు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

లాయరుకు ఇచ్చుకోలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

అభ్యాసం: నోటు తేదీ 15-7-2022. 3-7-2025న అప్పిచ్చినాయన నోటు వెనక "రూ. 2,000 చెల్లు" అని తానే రాసుకున్నాడు, రైతు సంతకం లేదు. 10-7-2025న రైతు లాయరు నోటీసుకు "బాకీ నిజమే, పంట పోయింది, ఇప్పుడు ఇవ్వలేను" అని జవాబు రాసి సంతకం చేశాడు. దావా వేయడానికి ఆఖరి తేదీ ఏది? కాగితం మీద లెక్క వేసి ఉంచుకోండి. వచ్చే పాఠం ఆ జవాబుతో మొదలుపెట్టి, జామీను సంతకం పెట్టినవాళ్ల సంగతికి వెళదాం.