నేరం ఒప్పుకునే ముందు అప్పీలు సంగతి ఎలా చూసుకోవాలి?

"ఒప్పేసుకో బాబూ, ఫైన్ కట్టేసి ఇంటికి పోదాం." విశాఖ బీచ్ రోడ్డులో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికిన కుర్రాడికైనా, ఇరుగుపొరుగు కొట్లాట కేసులో ఇరుక్కున్నవాడికైనా కోర్టు మెట్ల మీద ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఇదే. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఒక్క మాటతో ఏం పోతుందో ముందే తెలుసుకోండి.

అమెరికాలో అయితే అప్పీలు హక్కు వదులుకుంటున్నట్టు నేరం ఒప్పుకునే ఒప్పందంలోనే రాయించుకోవడం మామూలు. మన దగ్గర సంతకం అక్కర్లేదు, చట్టమే ఆ తలుపు మూస్తుంది. మేజిస్ట్రేటు ముందుగానీ సెషన్స్ కోర్టులోగానీ నేరం ఒప్పుకుని శిక్ష పడితే, "నేను ఆ తప్పు చేయలేదు" అని అప్పీలు వేయడం కుదరదు. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే వేయొచ్చు.

కాబట్టి మొదట లాయరుతో కూర్చుని చార్జిషీటు చదివించుకోండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

తర్వాత, ఏ దారిలో ఒప్పుకుంటున్నారో అడగండి. ప్లీ బార్గెయినింగ్, అంటే అవతలివాళ్లతో మాట్లాడుకుని తక్కువ శిక్షకు నేరం ఒప్పుకోవడం, వేరే దారి. ఏడేళ్లకు మించి శిక్ష పడని నేరాలకే అది వర్తిస్తుంది. మహిళల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకు ఉండదు. చార్జ్ ఖరారైన 30 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. శిక్ష తగ్గుతుంది, నిజమే. కానీ ఆ తీర్పు మీద మామూలు అప్పీలు అసలు ఉండదు. హైకోర్టులో రిట్, సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్, ఆ రెండే మిగులుతాయి.

జడ్జిగారు అడిగినప్పుడు తల ఊపి ఊరుకోకండి. అర్థం కాకపోతే "అర్థం కాలేదండీ, తెలుగులో చెప్పండి" అనండి. ఎవరైనా బెదిరించినా, "ఒప్పుకుంటే వదిలేస్తారు" అని ఆశ పెట్టినా అప్పుడే చెప్పేయండి. ఒప్పుకున్నంత మాత్రాన శిక్ష వేసి తీరాలని లేదు, అది జడ్జిగారి విచక్షణ. ప్లీ బార్గెయినింగ్‌లో అయితే మీరు ఇష్టపూర్వకంగానే వచ్చారా అని విడిగా, అవతలివాళ్లు లేకుండా అడుగుతారు. మనసులో మాట చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

శిక్ష పడ్డాక తీర్పు కాపీ తీసుకోండి. జైలు శిక్ష అయితే వెంటనే ఉచితంగా ఇవ్వాలి. మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు వెళ్లడానికి 30 రోజులు గడువు. కాపీ సిద్ధం కావడానికి పట్టిన రోజులు అందులో లెక్కకు రావు. మనిషి ఆరిలోవ సెంట్రల్ జైలులో ఉంటే అప్పీలు కాగితాన్ని అక్కడి అధికారికే ఇవ్వొచ్చు, కోర్టుకు పంపే బాధ్యత ఆయనదే.