ఇంట్లో సామరస్యం కోసం ఫెంగ్ షుయ్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చేయాలి?

ఫెంగ్ షుయ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి నోట్లో నాణెం కరుచుకున్న మూడు కాళ్ల కప్ప, బొజ్జతో నవ్వే బుద్ధుడు, గుమ్మానికి వేలాడే గాలి గంటలు. షాపుల్లో దొరికేవి అవే కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ ఈ పద్ధతిలో బొమ్మలది చివరి వరుస. ముందు చూడాల్సింది తలుపు, నడిచే దారి, మంచం ఉన్న చోటు, వెలుతురు, పేరుకుపోయిన సామాను. వీటిని సరిచేయడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. కాస్త ఒళ్లు వంచితే చాలు.

చైనాలో పుట్టిన ఈ విద్యను పాత రోజుల్లో ఇళ్లకే కాదు, సమాధులకు స్థలం ఎంచడానికి కూడా వాడేవారు. గువో పు (276–324) అనే పండితుడి పేరిట ఉన్న ఒక పాత గ్రంథంలో దీని మూలసూత్రం కనిపిస్తుంది. ‘చీ’ అనే ప్రాణశక్తి గాలికి చెదిరిపోతుంది, నీరు ఎదురైతే ఆగుతుంది అన్నది ఆ సూత్రం. అందుకే వెనక కొండ అండ, ఎదుట నీరు, రెండు పక్కలా కాస్త మరుగు ఉన్న చోటును మేలైనదిగా చెప్పారు. ఇదే సూత్రాన్ని ఇంటికి తెచ్చుకుంటే విషయం తేలిక. చీని ఇంటికొచ్చిన చుట్టంలా ఊహించుకోండి. గుమ్మంలోనే ఏదో తగిలి పడిపోకూడదు, ముందు తలుపులోంచి వచ్చి వెనక తలుపులోంచి వెళ్లిపోకూడదు, ఏదో మూలన ఇరుక్కుని ఉండిపోకూడదు.

ఒక మాట ముందే చెప్పాలి. చీని కొలిచే పరికరం ఏదీ లేదు. మంచం జరిపితే జీతం పెరుగుతుందని ఏ శాస్త్రీయ ఆధారమూ లేదు. జబ్బుకు వైద్యం, అప్పుకు లెక్కలు, గొడవకు మాటలు కావాల్సిందే. అయితే ఇల్లు సర్దుకునే ఒక పద్ధతిగా ఇందులో పనికొచ్చే విషయం చాలా ఉంది.

1. బయటి నుంచి లోపలికి ఒకసారి నడవండి

బయటికి వెళ్లి, తలుపు వేసి, మొదటిసారి వస్తున్నట్టు లోపలికి రండి. ఎక్కడ ఒళ్లు పక్కకు తిప్పాల్సి వచ్చింది, ఏ గదిలోకి వెళ్లగానే చిరాకేసింది, ఎక్కడ లైటు వేయక తప్పలేదు, ఏ తలుపు వెనక సామాను ఉండి పూర్తిగా తెరుచుకోలేదు? ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో ఉండే మిగతావాళ్లనూ ఇలాగే నడవమనండి. ఎవరి కాగితం వాళ్లదే, రాసేటప్పుడు చర్చ వద్దు. పిల్లలు రాసేవి తరచూ పెద్దల కంటికి ఆననివే అయి ఉంటాయి. తర్వాత చేసే మార్పులన్నిటికీ ఈ కాగితాలే ఆధారం.

2. అడ్డు తీయండి

పగిలిన కప్పులు, ఆగిపోయిన గడియారాలు, ఎవరూ వేసుకోని బట్టలు, ఎందుకైనా పనికొస్తాయని దాచిన ఖాళీ డబ్బాలు. ఫెంగ్ షుయ్ లెక్కలో ఇవి చీని మురగబెడతాయి. మామూలు లెక్కలో చూసినా, కనిపించినప్పుడల్లా ‘దీని సంగతి చూడాలి’ అని గుర్తుచేసి టెన్షన్ పెడతాయి. ఇల్లంతా ఒకేసారి ముందేసుకుంటే సాయంత్రానికి కూర్చోవడానికి చోటుండదు. ఒక అలమరతో మొదలుపెట్టండి. ఇతరుల వస్తువులను మాత్రం అడగకుండా పారేయకండి. సామరస్యం కోసం మొదలుపెట్టిన పని అక్కడే చెడుతుంది.

కారే కుళాయి, కిర్రుమనే తలుపు, మిణుకుమనే బల్బు కూడా ఈ జాబితాలోవే. కొత్త వస్తువు ఏదైనా కొనేముందు ఉన్నవాటిని బాగుచేయించండి.

3. ముఖద్వారం

చీ లోపలికి వచ్చే నోరు ఇదే అంటారు. తలుపు అడ్డం లేకుండా పూర్తిగా తెరుచుకోవాలి. వెనక కొక్కేలకు వేలాడే సంచులు, గుమ్మం ముందు కుప్పపడిన చెప్పులు తీసి వాటికో చోటు చూపించండి. కాలింగ్ బెల్ మోగాలి, ఇంటి నంబరు కనబడాలి, చీకటి పడ్డాక గుమ్మం దగ్గర వెలుతురు ఉండాలి.

తలుపు తీయగానే ఎదురుగా వెనక తలుపో పెద్ద కిటికీయో ఉంటే చీ నిలవకుండా బయటికి పోతుందని చెబుతారు. మధ్యలో ఒక చాప, ఒక పక్కన ఎత్తైన మొక్క, లేదా సగం ఎత్తు అల్మరా పెడితే ఆ నేరు దారి కాస్త వంకర తిరుగుతుంది. చూపు కూడా ఆగుతుంది. అలాగని నడిచే దారికి అడ్డం పెట్టకండి. ఎదురుగానే గోడ ఉంటే దాని మీద దూరాన్ని చూపించే చిత్రం, పైన మంచి దీపం చాలు. తలుపుకు సూటిగా అద్దం వద్దంటారు, వచ్చిన చీని వచ్చినట్టే వెనక్కి పంపేస్తుందని.

4. పడకగది, అన్నిటికన్నా ముఖ్యం

ఒక్క గదినే మార్చే ఓపిక ఉంటే ఆ గది ఇదే కావాలి. రోజులో మూడో వంతు గడిచేది ఇక్కడే.

మంచానికి ఫెంగ్ షుయ్ చెప్పేది అధికార స్థానం. తల వైపు గట్టి గోడ ఉండాలి. పడుకుని చూస్తే తలుపు కనిపించాలి, కానీ మంచం తలుపుకు సూటిగా ఉండకూడదు. సాధారణంగా తలుపుకు ఐమూలగా ఉన్న మూల దీనికి సరిపోతుంది. పాదాలు నేరుగా తలుపులోంచి బయటికి చూసేలా పడుకోవడాన్ని చైనాలో అశుభంగా చూస్తారు. చనిపోయినవారిని పాదాలు ముందుగా మోసుకెళ్తారన్నది దాని వెనకున్న తలంపు. ఈ నమ్మకం మాట ఎలా ఉన్నా, నడవాలోని వెలుతురు, అలికిడి నేరుగా మంచం మీదికి రాకపోతే నిద్ర బాగా పడుతుంది.

అధికార స్థానం గురించి నాకు నచ్చిన సంగతి ఒకటుంది. 1975లో బ్రిటన్‌కు చెందిన భూగోళ శాస్త్రవేత్త జే యాపిల్టన్, ప్రకృతి దృశ్యాల్లో మనిషికి ఏవి నచ్చుతాయో వివరిస్తూ ఒక సిద్ధాంతం చెప్పాడు. తాను మరుగున ఉంటూ ఎదుట ఉన్నదంతా చూడగలిగే చోటు మనిషికి ఇష్టమని దాని సారాంశం. ఆయన ఫెంగ్ షుయ్ కోసం చెప్పిన మాట కాదది. అయినా వెనక కొండ, ముందు మైదానం అన్న పాత లెక్కకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

తల వెనక కిటికీ తప్పకపోతే ఎత్తైన తలపలక ఉన్న మంచం, మందపాటి కర్టెన్ వాడండి. పైన దూలం ఉంటే మంచాన్ని దాని కిందినుంచి పక్కకు జరపండి. మంచానికి ఎదురుగా ఉన్న అద్దాన్ని రాత్రిపూట గుడ్డతో కప్పినా సరిపోతుంది. అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు అద్దంలో కదలిక చూసి ఉలిక్కిపడే బాధైనా తప్పుతుంది. మంచం కింద పాత సూట్‌కేసులు, కాగితాల కట్టలు ఉంటే తీసేయండి.

ఇద్దరు పడుకునే మంచాన్ని గోడకు ఆనించి ఒకవైపు మూసేయకండి. రెండు పక్కలా దిగే చోటు, ఇద్దరికీ చెరో చిన్న బల్ల, చెరో దీపం ఉండాలి. దీన్ని సమానత్వానికి గుర్తుగా చెబుతారు. నన్నడిగితే గుర్తు కన్నా ఉపయోగమే ఎక్కువ. తెల్లవారుజామున లేవాల్సినవాళ్లు రెండోవాళ్ల మీదుగా దాటక్కర్లేదు, ఒకరు చదువుకుంటుంటే ఇంకొకరి కళ్లలో వెలుతురు పడదు. పడకగది యిన్ గది, అంటే నెమ్మది, మసక వెలుతురు, మెత్తటి బట్ట. టీవీ, వ్యాయామం చేసే యంత్రం, ఆఫీసు లాప్‌టాప్ యాంగ్ వస్తువులు, అంటే దానికి ఎదురైన చురుకుదనానివి. వాటికి హాలు ఉంది.

5. కూర్చునే చోటు

సోఫాకూ పనిచేసే బల్లకూ మంచం సూత్రమే. వీపు వెనక గోడ, కంటి ముందు తలుపు. బల్లను గోడవైపే పెట్టక తప్పని చిన్న గదుల్లో, వెనక తలుపు కనిపించేలా ఎదురుగా చిన్న అద్దం పెట్టుకోవచ్చు. హాల్లో సోఫాలన్నీ టీవీ వైపే చూస్తుంటే కనీసం ఒక కుర్చీనైనా మిగతావాటికి ఎదురుగా తిప్పండి. ముఖాలు కనిపిస్తేనే మాటలు సాగుతాయి.

6. వంటగది, స్నానాలగది

పొయ్యి నిప్పు, సింకు నీరు. రెండూ ఆనుకుని ఉంటే పొసగవంటారు. మధ్యలో చెక్కతో చేసినదో, ఆకుపచ్చదో ఒకటి ఉంచమంటారు. నీరు చెట్టును, చెట్టు నిప్పును పోషిస్తాయి కాబట్టి అది ఇద్దరి మధ్య రాజీ కుదురుస్తుందట. కూరలు తరిగే చెక్కపీట అక్కడ ఉన్నా చాలు, పొయ్యి మంటకు మాత్రం తగలకూడదు. స్నానాలగది తలుపు మూసి ఉంచండి, కమోడ్ మూత దించండి. అంతే.

7. ఐదు మూలకాల తూకం

చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు. ఒకదాన్నుంచి ఒకటి పుట్టే వరుస ఇది: చెట్టు నిప్పును, నిప్పు మట్టిని, మట్టి లోహాన్ని, లోహం నీటిని, నీరు మళ్లీ చెట్టును పోషిస్తాయి. అణిచే వరుస వేరు: చెట్టు మట్టిని, మట్టి నీటిని, నీరు నిప్పును, నిప్పు లోహాన్ని, లోహం చెట్టును. ఆకుపచ్చ రంగు, నిలువు ఆకారాలు చెట్టువి. ఎరుపు, త్రిభుజాలు నిప్పువి. పసుపు, గోధుమ రంగు, చతురస్రాలు మట్టివి. తెలుపు, బూడిద రంగు, గుండ్రటివి లోహానివి. నలుపు, ముదురు నీలం, అలల ఆకారాలు నీటివి.

దీన్ని వాడే తీరు చెబుతాను. తెల్లటి గోడలు, స్టీలు కాళ్ల బల్లలు, బూడిద రంగు సోఫా ఉన్న హాలు అనుకోండి. అక్కడ లోహం మోతాదు మించింది, గది చల్లగా, ముభావంగా అనిపిస్తుంది. ఒక ఎర్రటి దిండు, వెచ్చటి వెలుగునిచ్చే దీపం పెడితే నిప్పు వచ్చి లోహాన్ని అదుపు చేస్తుంది. ముదురు నీలం చాప పరిస్తే లోహం తన బలాన్ని నీటికి ఇచ్చి మెత్తబడుతుంది. రెండోది నెమ్మదైన దారి. అలాగే గోడలన్నీ ఎర్రగా ఉన్న పడకగదికి మళ్లీ రంగు వేయించేలోగా మట్టి రంగు దుప్పట్లు వేసి చూడండి. ప్రతి గదిలోనూ ఐదూ ఉండి తీరాలని పంతం పడితే మాత్రం ఇల్లు ఎగ్జిబిషన్ స్టాల్‌లా తయారవుతుంది.

8. బాగ్వా పటం, దిక్కులు

ఇంటి ప్లాను మీద తొమ్మిది గళ్లు గీసి ఒక్కో గడికి జీవితంలో ఒక్కో భాగాన్ని అప్పగించే పటమే బాగ్వా. దిక్సూచి పద్ధతిలో ఉత్తరం వృత్తికి, దక్షిణం పేరు ప్రతిష్ఠలకు, తూర్పు కుటుంబానికి, పడమర పిల్లలకు, ఆగ్నేయం సంపదకు, నైరుతి దాంపత్యానికి, ఈశాన్యం చదువుకు, వాయవ్యం సాయం చేసేవారికి. మధ్య గడి అన్నిటి సమతూకానికి. 20వ శతాబ్దం చివర్లో లిన్ యున్ అనే గురువు అమెరికాలో ప్రచారం చేసిన శాఖలో దిక్సూచి అక్కర్లేదు. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే దూరంగా ఎడమ మూల సంపద, కుడి మూల దాంపత్యం. రెంటిలో ఏదో ఒకటే ఎంచుకోండి. కలిపితే ఒకే మూలకు రెండు పేర్లొచ్చి తల తిరుగుతుంది.

దిక్సూచి దారి పట్టినవారు ఫోన్‌లో దిక్కు చూసేటప్పుడు ఇనుప తలుపులకు, ఫ్రిజ్‌కు, స్పీకర్లకు దూరంగా నిలబడండి. రెండు మూడు చోట్ల చూసి సరిపోల్చుకోండి. ఇంట్లో సామరస్యమే కావాలంటే ఎనిమిది మూలలూ అక్కర్లేదు. మధ్య భాగాన్ని వీలైనంత ఖాళీగా ఉంచి, దాంపత్య మూలలో జంటగా ఉన్న వస్తువులు, వెచ్చటి వెలుతురు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంకొంచెం లోతుకు వెళ్తే క్వా సంఖ్య వస్తుంది, అంటే పుట్టిన ఏడాదిని బట్టి ఎవరికి ఏ దిక్కులు మంచివో చెప్పే అంకె. 1999 వరకు పుట్టిన మగవారు పుట్టిన ఏడాది చివరి రెండంకెలు ఒకే అంకె వచ్చేదాకా కూడి, దాన్ని 10 లోంచి తీసేస్తారు. ఆడవారు కూడగా వచ్చిన ఆ అంకెకే 5 కలిపి మళ్లీ ఒకే అంకె చేస్తారు. ఏడాది ఫిబ్రవరి 4 ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి జనవరిలో పుట్టినవారు ముందటి ఏడాదిని తీసుకోవాలి. 1985లో పుట్టిన భర్తకు ఇలా 6 వస్తుంది, అదే ఏడాది పుట్టిన భార్యకు 9. ఆయనకు మంచివన్న దిక్కులు పడమర, వాయవ్యం, నైరుతి, ఈశాన్యం. ఆమెకు తూర్పు, ఆగ్నేయం, ఉత్తరం, దక్షిణం. ఒక్కటీ కలవలేదు! మంచం ఒక్కటే కదా, తల ఎటు పెట్టాలన్న దాని మీదే తగాదా మొదలవుతుంది. అందుకే నా సలహా: క్వాను పక్కన పెట్టి, నాలుగో మెట్టులో చెప్పిన అధికార స్థానానికే ఓటేయండి.

బొమ్మలు, వేగం

కప్ప, గంటలు, వెదురు మొక్క మీకు చూడ్డానికి నచ్చితే పెట్టుకోండి. దోషం ఉందని భయపెట్టి ఖరీదైన వస్తువు అంటగట్టేవారిని మాత్రం గుమ్మంలోంచే పంపేయండి. గోడలు పగలగొట్టమనేవారి విషయంలో ఇంకా జాగ్రత్త. ఇంజినీరు చూడకుండా ఏ గోడమీదా సుత్తి పడకూడదు.

ఒక మార్పు చేశాక రెండు మూడు వారాలు ఆగి, తర్వాతే రెండోది చేయండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదట్లో రాసిన కాగితాలు తీసి, తీరిన ఇబ్బందులు కొట్టేసుకుంటూ పొండి. కొత్త చోట మంచం ఎవరికి నిద్ర పట్టనీయకపోయినా, పటం ఏం చెప్పినా సరే, దాన్ని పాత చోటికే జరిపేయండి.