పాటకు తగ్గట్టు వెలిగే లైట్లు: అమెరికాలో ఇంటి ముందు పెట్టేవాళ్లకు జాగ్రత్తలు

దీపావళికి మొదలుపెట్టి క్రిస్మస్ దాకా ఉంచాలనుకుంటే ఇవి ఇప్పుడే చూసుకోండి.

– బయటి ప్లగ్గుకు జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే పరికరం) రక్షణ ఉందా? టెస్ట్ బటన్ నొక్కి చూడండి. తడి నేల మీద కరెంటు లీకైతే ప్రాణం కాపాడేది అదే. లైట్ల దగ్గరికి పిల్లలు వస్తారు, ఇక్కడ రాజీ వద్దు.

– పిక్సెళ్లు (ఒక్కోదాని రంగు విడిగా మార్చగలిగే చిన్న ఎల్ఈడీ లైట్లు), పవర్ సప్లై ఒకే వోల్టేజీవి కావాలి. 5 వోల్టుల పిక్సెళ్లకు 12 వోల్టులు ఇస్తే కాలిపోతాయి. మొదటిసారైతే అన్నీ 12 వోల్టులవే తీసుకోండి, పొడవాటి వైర్లలో వోల్టేజీ తగ్గే బెడద తక్కువ. అయినా చివర్లో తెలుపు ఎర్రబారుతుంటే అక్కడ మళ్లీ పవర్ అందించాలి.

– 15 ఆంపియర్ల సర్క్యూట్ మీద గంటల తరబడి 12 దాటనివ్వకండి. బ్రేకర్ ట్రిప్ కావచ్చు.

– ఎక్స్‌లైట్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఏదీ కొనకముందే అందులో మీ ఇంటి ఫొటో పెట్టి ఒక్క పాటకు లైట్లు అమర్చి చూడండి. ఎన్ని పిక్సెళ్లు కావాలో తెలుస్తుంది, ఒక్క పాటకే ఎంత సమయం పడుతుందో కూడా.

– చూడ్డానికి వచ్చినవాళ్ల కార్లలో పాట వినిపించడానికి తక్కువ శక్తి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరే వాడండి. లైసెన్సు లేకుండా అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒప్పుకునే పరిధి సుమారు 200 అడుగులే.

– హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే తేదీల నిబంధనలు ముందే అడగండి.