పాలమూరు నుంచి బెంగళూరు కాథలిక్ యూనివర్సిటీలో బీఏకు దరఖాస్తు: ముందు క్రెడిట్లు, తర్వాత ఫారం

సంక్రాంతి దాటిందంటే పాలమూరు మెట్టుగడ్డలోని మా ఆన్‌లైన్ సెంటర్‌కు ఇంటర్ సెకండియర్ పిల్లలు తండ్రులను వెంటబెట్టుకుని రావడం మొదలవుతుంది. "అన్నా, బెంగళూరు యూనివర్సిటీకి అప్లికేషన్ పెట్టాలె, ఎంతసేపు పడ్తది?" ఫారం నింపడానికి ముప్పావు గంట చాలు. కానీ నేను ముందు ఫారం తెరవను. ఆ కోర్సు సిలబస్ పేజీ తెరిచి, డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం పాస్ కావాలో చదవమంటాను. ఫీజు కట్టి హాస్టల్‌లో సామాను దించాక "సైకాలజీ చదువుదామని వస్తే ఈ పేపర్లన్నీ ఏంది?" అని ఫోన్ చేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఇద్దరి ఫారాలు నేనే నింపాను. అప్పటి నుంచి వచ్చిన అలవాటిది.

మొదట ఒక తేడా తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో కాథలిక్ సంస్థలు నడిపే మంచి డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. అల్వాల్‌లో లయోలా అకాడమీ, బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కాలేజీ అలాంటివే. అటానమస్ కాబట్టి సిలబస్, పరీక్షలు వాళ్లవే అయినా పట్టా మీద ఉండే పేరు ఉస్మానియాదే. బెంగళూరు లెక్క వేరు. సీఎంఐ అనే కాథలిక్ సభ ఫాదర్లు 1969లో పెట్టిన క్రైస్ట్ కాలేజీ 2008లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. 1882 నాటి సెయింట్ జోసెఫ్స్‌ను 1937 నుంచి జెస్యూట్లు అనే ఇంకో కాథలిక్ సభవాళ్లు నడుపుతున్నారు, 2022లో అది యూనివర్సిటీ అయింది. వీటిలో చదివితే పట్టా కూడా వాళ్ల పేరుతోనే వస్తుంది. మన పిల్లలు వీటివైపు మొగ్గడానికి ఇంకో చిన్న కారణం రైలు. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ పోయే బండి మహబూబ్‌నగర్ మీదుగానే పోతుంది. నల్లగొండ వాళ్లకు ఆ వీలు లేదు, అయినా దేవరకొండ, మిర్యాలగూడ నుంచి కూడా అడుగుతూనే ఉంటారు.

తండ్రులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "చర్చికి పోవాల్నా? మతం మార్చుకోమంటరా?" లేదు. క్రైస్తవ మైనారిటీ సంస్థలో కొన్ని సీట్లు ఆ వర్గం పిల్లలకు ఉంటాయి, మిగతావి అందరివీ. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో విద్యార్థి ఒప్పుకోకుండా మతబోధనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. నల్లగొండకు 1976 నుంచి కాథలిక్ డయోసిస్ (బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం) ఉంది. కాన్వెంట్ బడుల్లో చదివిన హిందూ, ముస్లిం పిల్లలు మన జిల్లాల్లో ఎంతమందో లెక్కే లేదు. బెంగళూరులోనూ అంతే. అయితే విలువల మీద, సమాజం మీద క్లాసులు తప్పకుండా ఉంటాయి. క్రైస్ట్‌లో దాన్ని హోలిస్టిక్ ఎడ్యుకేషన్ అంటారు. అది ఎగ్గొట్టే క్లాసు కాదు.

లిబరల్ ఆర్ట్స్ అంటే ఏంటి?

పేరు చూసి బొమ్మలు గీయడం, డ్యాన్స్ అనుకునేవాళ్లు ఉన్నారు. ఒక సబ్జెక్టును లోతుగా చదువుతూనే భాష, తర్కం, చరిత్ర, లెక్కలు, సైన్సు కొంత కొంత రుచి చూడటం లిబరల్ ఆర్ట్స్. యూరప్‌లో పాతకాలంలో ఇవి ఏడు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడు, అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం అనే నాలుగు. జెస్యూట్లు 1599లో తమ కాలేజీలన్నింటికీ ఒకే బోధనా పద్ధతి రాసుకున్నప్పుడు భాషలకు, వక్తృత్వానికి, తత్వశాస్త్రానికి పెద్దపీట వేశారు. అమెరికాలోని కాథలిక్ యూనివర్సిటీల్లో ఆ వాసన ఇప్పటికీ గట్టిగా ఉంది. 1863లో మొదలైన బోస్టన్ కాలేజీనే చూడండి. కామర్స్ పిల్లాడైనా, బయాలజీ పిల్లయినా ఫిలాసఫీ రెండు, థియాలజీ (దైవశాస్త్రం) రెండు, చరిత్ర రెండు, సైన్సు రెండు, సోషల్ సైన్సెస్ రెండు, వాటి పైన సాహిత్యం, రాత, కళలు, గణితం, సాంస్కృతిక వైవిధ్యం ఒక్కొక్కటి చదవాల్సిందే. మొత్తం 15 కోర్సులు. క్రెడిట్ అంటే పేపర్ పాసైతే, దాని క్లాసు గంటలను బట్టి జమయ్యే పాయింటు. డిగ్రీకి కావాల్సిన 120 క్రెడిట్లలో ఇవి పెద్ద భాగమే.

మన దేశంలో థియాలజీని అలా అందరికీ తప్పనిసరి చేయరు. ఇక్కడ లెక్క యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) 2022 డిసెంబర్‌లో ఇచ్చిన క్రెడిట్ చట్రం ప్రకారం ఉంటుంది. దీన్ని కొంచెం నిదానంగా చదవండి.

మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. అంటే సెమిస్టర్‌కు సగటున 20. మూడేళ్ల 120లో మీ మేజర్ సబ్జెక్టుకు, అంటే ప్రధానంగా చదివేదానికి, పోయేది 60, సరిగ్గా సగం. మైనర్‌కు, అంటే దాని పక్కన చదివే రెండో సబ్జెక్టుకు, 24. మిగతా 36లో ఇతర విభాగాల కోర్సులకు 9, భాషలకు 8, నైపుణ్య కోర్సులకు 9, విలువలు, పర్యావరణం లాంటి వాటికి 6 నుంచి 8, ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4. నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి, 12 క్రెడిట్ల ప్రాజెక్టు చేయాలి. ఇవి కనీసాలే. యూనివర్సిటీ తన వంతు కలుపుకుంటుంది, అందుకే వాళ్ల సొంత పట్టిక చూడాలి.

ఈ పట్టికలో మన పిల్లలు తట్టుకుని పడేది రెండు చోట్ల. ఒకటి ఇతర విభాగాల 9 క్రెడిట్లు. ఇంటర్లో చదివేసి, ఇక్కడ మేజర్‌గానో మైనర్‌గానో తీసుకోబోయే సబ్జెక్టునే మళ్లీ ఈ గడిలో పెట్టుకోనివ్వరు. హెచ్‌ఈసీ చదివి చరిత్ర మేజర్ తీసుకునే పిల్ల "ఎట్లాగూ వచ్చిందే కదా" అని ఇక్కడ కూడా చరిత్ర పెడతానంటే కుదరదు. రెండోది భాష. ఇంటర్లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకుని, ఆ రెండేళ్ల తర్వాత సంస్కృతమూ రాక తెలుగూ మరిచిన పిల్లలు మా సెంటర్‌కు రోజూ వస్తారు. మీరు ఎంచుకున్న కాంబినేషన్‌లో రెండో భాషగా తెలుగు ఉందో లేదో ఫారం నింపకముందే చూడండి. లేకపోతే హిందీయో, అడిషనల్ ఇంగ్లిషో రాయాల్సి వస్తుంది.

ఇంకొకటి, నాలుగేళ్లా మూడేళ్లా అన్నది ఊహించుకోవద్దు. కర్ణాటక ప్రభుత్వం 2024లో తన యూనివర్సిటీల్లో మూడేళ్ల డిగ్రీకి తిరిగొచ్చింది. డీమ్డ్ వాటికీ, ప్రైవేటు వాటికీ అదే వర్తిస్తుందని అనుకోకుండా, మీ కోర్సు పేజీలో ఏమని రాసి ఉందో అదే నమ్మండి.

హాజరు కూడా డిగ్రీ షరతే. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల క్లాసు, నాలుగు క్రెడిట్ల పేపర్ అంటే 60 గంటలు. 85 శాతం హాజరు అడిగే చోట మీరు పోగొట్టుకోగలిగేది తొమ్మిది గంటలే. ఇక్కడ బడులకు దసరా సెలవులు రెండు వారాల దాకా వస్తాయి. బెంగళూరులో అన్ని రావు. ఎంగిలిపూల బతుకమ్మకు వచ్చి సద్దుల దాకా ఉండిపోతే ఆ తొమ్మిది గంటలు అక్కడే కరిగిపోతాయి.

దరఖాస్తు ఎప్పుడు, ఎలా

ఈ యూనివర్సిటీలు ఇంటర్ ఫలితాల కోసం ఆగవు. పరీక్షలకు ముందే దరఖాస్తులు తీసుకుని, టెస్టో ఇంటర్వ్యూనో పెట్టి, మార్కులు వస్తే ఖాయం చేస్తామనే షరతు మీద సీటిస్తాయి. కాబట్టి డిసెంబర్, జనవరిలోనే వెబ్‌సైట్ చూడటం మొదలుపెట్టండి. కావాల్సినవి టెన్త్ మెమో, ఇంటర్ ఫస్టియర్ మెమో, ఆధార్, ఫోటో, సంతకం స్కాన్. మొబైల్ నంబర్, మెయిల్ ఐడీ సొంతవి పెట్టండి. సెంటర్ వాళ్ల మెయిల్ పెడితే ఇంటర్వ్యూ కబురు వాళ్లకే పోతుంది, మీకు చేరదు. కోర్సు ప్రాధాన్యం, కాంబినేషన్ ఒకసారి సబ్మిట్ అయ్యాక మారడం కష్టం. ఫారం ఫీజు వెనక్కి రాదు.

టెన్షన్ అంతా ఇంటర్వ్యూకే. ఒకటి రెండు నిమిషాలు ఏదైనా అంశం మీద మాట్లాడమంటారు, ఈ కోర్సే ఎందుకని అడుగుతారు. పోయిన ఏడాది మక్తల్ వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మా కౌంటర్ దగ్గర నిలబడి "గ్లోబలైజేషన్" అని బట్టీ పట్టిన పేరా నాలుగు లైన్లు చెప్పి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. మీ ఊరి సంగతి ఏదైనా చెప్పమ్మా అన్నాను. వాళ్ల నాయన మేస్త్రీ వెంట పుణె పోయి పనిచేసిన సంగతి, ఇంట్లో అవ్వ దగ్గర తను పెరిగిన సంగతి, ఊళ్లో దసరాకు మాత్రమే తెరుచుకునే ఇండ్ల సంగతి చెప్పింది. ఇంగ్లిషు తప్పులున్నాయి గానీ ఎక్కడా ఆగలేదు. పాలమూరు లేబర్ అనే మాట పుస్తకంలో చదివినవాళ్ల ముందు, దాన్ని ఇంట్లో చూసిన పిల్ల మాట్లాడితే ఎవరు వినరు? సోషియాలజీలో సీటొచ్చింది.

కాగితాలు

అన్నిటికంటే ఎక్కువ రోజులు తినేది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, ఇంటర్ మెమోలో పేరు చివర. ఏ యూనివర్సిటీ అయినా ప్రామాణికంగా తీసుకునేది టెన్త్ మెమోనే కాబట్టి ఆధార్‌ను దానికి సరిపోయేలా మార్చుకోండి. జనవరిలోనే మార్చుకుంటే నెమ్మదిగా అయిపోతుంది, జూన్‌లో మొదలుపెడితే ఏడుపే. నేను కూడా ఒకసారి తప్పు చేశాను. మెమో చూడకుండా ఆధార్ చూసి పేరు కొట్టాను. దాన్ని సరిచేయించడానికి ఆ పిల్లాడు అడ్మిషన్ ఆఫీసుకు మూడు మెయిళ్లు పెట్టి, అఫిడవిట్ రాయించుకోవాల్సి వచ్చింది. సెంటర్ వాడు కొట్టేటప్పుడు స్క్రీన్ వైపు మీరు కూడా చూడండి.

ఈ పేరు సరిగ్గా ఉంటేనే క్రెడిట్ ఖాతా తెరుచుకుంటుంది. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని 2021లో యూజీసీ మొదలుపెట్టింది. మీరు పాసైన ప్రతి పేపర్ క్రెడిట్లు అందులో జమవుతాయి, మధ్యలో యూనివర్సిటీ మారినా వాటిని చూపించుకోవచ్చు. వాటికి ఏడేళ్ల గడువు. ఖాతా తెరవడానికి డబ్బు కట్టక్కర్లేదు. డిజీలాకర్ యాప్‌లో ఆధార్‌కు లింకైన నంబర్‌తో లాగిన్ అయి, వెతికే చోట అపార్ (విద్యార్థి గుర్తింపు నంబర్) అనో, అకడమిక్ బ్యాంక్ అనో కొట్టి, వివరాలు సరిచూసి ఒప్పుకుంటే 12 అంకెల నంబర్ వస్తుంది. బడిలోనే అపార్ నంబర్ ఇచ్చి ఉంటే అదే వాడండి. దీనికి వంద, రెండు వందలు తీసుకునే సెంటర్లున్నాయి. ఇంట్లో ఫోన్‌లోనే అయ్యే పని.

ఫలితాలు వచ్చాక మైగ్రేషన్ సర్టిఫికెట్. వేరే రాష్ట్రం యూనివర్సిటీలో చేరేవాళ్లకు ఇది తప్పదు. ఇంటర్ బోర్డు వెబ్‌సైట్‌లో విద్యార్థి సేవల కింద ఫీజు కట్టి దరఖాస్తు పెట్టండి, కాలేజీలో టీసీ అడిగిన రోజే ఇది కూడా చేసేయండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలో పెట్టి తహసీల్దార్ ఆఫీసు నుంచి తెచ్చుకోవాలి. ఇక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ బెంగళూరుకు కూడా వస్తుందని లెక్కలు వేసుకోకండి. సీటు ఫీజు కట్టకముందే జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో మీ వర్గానికి, మీ కోర్సుకు ఏముందో అడగండి.

దోస్త్‌ను వదలొద్దు

బెంగళూరులో షరతు మీద సీటొచ్చిందని దోస్త్ ఫారం మానేయకండి. మన రాష్ట్రం డిగ్రీ సీట్లకు 2016 నుంచి ఉన్న ఆన్‌లైన్ దారి అది. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ రూ. 200, తర్వాత చేరితే రూ. 400. ఇక్కడే పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ కింద బీఏ ఉంది. ఇంట్లో ఉండి చదవాలనుకునే పిల్లకు అదేమీ తక్కువ చదువు కాదు. అయితే కొన్ని మైనారిటీ కాలేజీలు దోస్త్‌లో ఉండవు, వాటికి నేరుగా ఆ కాలేజీకే దరఖాస్తు పెట్టాలి. రెండు చోట్లా సీటొస్తే గుర్తుంచుకోవాల్సింది టీసీ సంగతి. అది ఒక్కటే ఉంటుంది, ఒక చోట ఇస్తే ఇంకో చోట చేరలేరు.

ఫీజు కట్టి మానుకున్నా డబ్బంతా పోయినట్టు కాదు. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం, యూనివర్సిటీ ప్రకటించిన చివరి అడ్మిషన్ తేదీకి 15 రోజుల ముందే రాసిస్తే మొత్తం వెనక్కి ఇవ్వాలి. అందులో 5 శాతం, గరిష్ఠంగా రూ. 5,000 మాత్రం పట్టుకోవచ్చు. ఆ 15 రోజుల లోపలికి వస్తే 90 శాతం, తేదీ దాటాక 15 రోజుల వరకు 80, నెల వరకు 50, ఆ తర్వాత సున్నా. కొన్ని ఏళ్లలో యూజీసీ ఇంకా ఎక్కువ వెసులుబాటు ఇచ్చింది కాబట్టి ఆ ఏడాది సర్క్యులర్ కూడా చూడండి. రాసిచ్చేది మెయిల్‌లోనే ఇవ్వండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

చేరే రోజు యాంటీ ర్యాగింగ్ అండర్‌టేకింగ్ విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ఇవ్వాలి, అది ఆన్‌లైన్‌లోనే నింపుకుని పోవచ్చు. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు సరిచూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని అదే 2018 నోటిఫికేషన్‌లో ఉంది. ఎవరైనా ఉంచేసుకుంటామంటే ఆ మాట చెప్పండి. టీసీ, మైగ్రేషన్ మాత్రం మామూలుగా వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. ఆ రెండింటి జిరాక్స్ నాలుగేసి కాపీలు మహబూబ్‌నగర్‌లో రైలెక్కకముందే తీసి పెట్టుకోండి.