పాత బాకీలుంటే అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తుందా? ఫారం నింపే ముందే చేయాల్సినవి

బాకీ ఉన్నంత మాత్రాన క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్యాలతో పనిచేయడానికి ఇచ్చే అనుమతి) రాకుండా పోదు. ఇన్ని డాలర్లు దాటితే తిరస్కరణ అని గీత ఎక్కడా గీయలేదు. 2017 జూన్ నుంచి క్లియరెన్స్ నిర్ణయానికి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో 'ఎఫ్' అనేది డబ్బు వ్యవహారాలది. అప్పు ఎందుకైంది, అయ్యాక మీరేం చేశారు అన్నవే అందులో కీలకం. ఉద్యోగం పోయింది, విడాకులయ్యాయి, ఆసుపత్రి బిల్లు మీద పడింది అంటే అర్థం చేసుకుంటారు. ఆ రోజుల్లో అప్పిచ్చినవాళ్లతో మాట్లాడారా, వచ్చిన ఉత్తరాలు విప్పకుండా పక్కన పడేశారా అని కూడా చూస్తారు.

ముందు ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ క్రెడిట్ రిపోర్టులు (మీ అప్పుల చరిత్ర) మూడూ తీయండి. అవి ఉచితమే. ఒకదాంట్లో లేని బాకీ ఇంకోదాంట్లో ఉంటుంది. ఎవరికి, ఎంత, ఎప్పటినుంచి ఆగింది, ఇప్పుడు ఏ కలెక్షన్ ఏజెన్సీ (బాకీ వసూలు సంస్థ) చేతిలో ఉంది అని ఒక కాగితం మీద రాసుకోండి. అమ్ముడుపోయిన అప్పు రెండు పేర్లతో కనిపించవచ్చు, దాన్ని ఒకటిగానే లెక్కించండి.

ఎస్‌ఎఫ్-86 (క్లియరెన్స్ దరఖాస్తు) ఫారంలో 26వ సెక్షన్ గత 7 ఏళ్ల సంగతి అడుగుతుంది: దివాలా, కట్టని పన్నులు, కలెక్షన్స్‌కు వెళ్లినవి, 120 రోజులు దాటిన బకాయిలు. జూదం వల్ల వచ్చిన ఇబ్బందులైతే ఎప్పటివైనా అడుగుతుంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "కట్టేశాను కదా" అని వదిలేస్తారు. తీర్చేసినవి కూడా రాయాలి. కావాలని దాస్తే అప్పు సంగతి పక్కకుపోయి మీ నిజాయితీ మీదే విచారణ మొదలవుతుంది. పైగా అది 5 ఏళ్ల దాకా జైలు పడగల ఫెడరల్ నేరం.

అన్నిటికన్నా ముందు పన్నులు చక్కబెట్టండి. ప్రభుత్వ నియమాన్నే పాటించనివాడు రహస్యాల నియమాలు పాటిస్తాడా అన్నది అధికారుల ప్రశ్న. దాఖలు చేయని రిటర్నులన్నీ వేసి, ఆ తర్వాత అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌తో వాయిదాల ఒప్పందం చేసుకోండి. మనవాళ్లు పౌరసత్వం వచ్చాక కూడా మరిచిపోయేవి ఇండియా ఖాతాలు. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఎఫ్‌బార్ వేయాలి. ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసుల) ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికాలో ఉంది. ఊళ్లో మీ పేరున ఉన్న పొలం, ఫ్లాట్ 20ఎ సెక్షన్‌లో చూపాలి. ఏళ్లుగా ఎఫ్‌బార్ వేయకపోతే, పాతవి పంపే ముందు విషయం తెలిసిన సీపీఏ (పన్ను లెక్కల నిపుణుడు)తో మాట్లాడండి.

మిగతా బాకీలకు నిజంగా కట్టగలిగినంతే ఒప్పుకోండి. నెలకు 150 డాలర్ల చొప్పున 10 నెలలు కట్టిన రసీదులకు, రేపు 5,000 కడతానన్న మాటకంటే బరువెక్కువ. సెటిల్‌మెంట్ అయితే డబ్బు పంపకముందే ఒప్పందం రాతపూర్వకంగా తీసుకోండి. మాఫీ చేసిన సొమ్ముకు 1099-సి అనే పన్ను ఫారం వస్తే సాధారణంగా దాన్ని ఆదాయంగా చూపాలి. అది మరిచిపోతే అప్పు తీరి పన్ను సమస్య మొదలవుతుంది. చార్జ్ ఆఫ్ అంటే అప్పు పోయినట్టు కాదు, అది బ్యాంకు తన పుస్తకాల్లో రాసుకున్న నష్టం మాత్రమే. 7 ఏళ్లకు రిపోర్టులోంచి మాయమైనదాన్ని కూడా తీర్చినట్టు లెక్కించరు.

ఇంత చేశాక కూడా, క్లియరెన్స్ ఎందుకు ఇవ్వకూడదో కారణాలు చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ రావచ్చు. ప్రభుత్వ కాంట్రాక్టు సంస్థల ఉద్యోగులకైతే అందిన 20 రోజుల్లో జవాబివ్వాలి. ప్రతి ఆరోపణకూ విడిగా అవుననో కాదనో రాసి, పక్కనే రసీదు, ఒప్పంద పత్రం, పన్ను రికార్డు చూపే ఐఆర్‌ఎస్ ట్రాన్‌స్క్రిప్ట్ జతచేయండి. కాగితాల మీదే తీర్పు కోరవచ్చు, విచారణ కూడా కోరవచ్చు. మా సలహా విచారణే, ఎందుకంటే కారణాలు జడ్జికి స్వయంగా వివరించే వీలుంటుంది. నిరూపించుకోవాల్సిన భారం మీదే, అనుమానం మిగిలితే నిర్ణయం దేశభద్రత వైపే మొగ్గుతుంది.

క్లియరెన్స్ వచ్చాక కూడా నిరంతర తనిఖీలో క్రెడిట్ రికార్డు చూస్తూనే ఉంటారు. దివాలా తీసినా, ఏ బాకీ అయినా 120 రోజులు దాటినా, వాళ్ల కంట పడేలోపే మీ సంస్థ సెక్యూరిటీ ఆఫీసర్‌కు చెప్పండి.